ఒళ్లు కొలిమి కాదు

డాక్టర్ ఎల్లాప్రగడ సుబ్బారావు స్మారకోపన్యాసం, చంద్రపూర్

  

చంద్రపూర్‌లో తెలుగు వినపడటం వింత కాదు. వార్ధా నదికి అవతలి రాజురా తాలూకా 1956 దాకా హైదరాబాదు రాష్ట్రంలో, ఆదిలాబాదు జిల్లాలోనే ఉండేది. చైత్రంలో మహాకాళి జాతరకి తెలంగాణ నుంచి జనం ఇప్పటికీ వస్తారు. బొగ్గు ఖదాన్లలోనూ బల్లార్షా కాగితం మిల్లులోనూ తెలుగు ఇళ్లవాళ్లు తరాలుగా పని చేస్తున్నారు. అటువంటి ఊళ్లో, భీమవరంలో పుట్టి న్యూయార్కు రాష్ట్రంలో కన్నుమూసిన ఒక శాస్త్రవేత్త పేర ఉపన్యాసం ఏర్పాటు చేసుకోవాలని మీకు తోచింది.

సుబ్బారావుగారు 1895 జనవరి 12న పుట్టారు. మెట్రిక్ మూడోసారికి గట్టెక్కారు. మద్రాసులో వైద్యం చదువుతూ గాంధీగారి మాట విని ఖద్దరు కట్టారు. అది నచ్చని ఆచార్యుడి పుణ్యమా అని ఎంబీబీఎస్‌కి బదులు చిన్న పట్టాతో బయటపడాల్సి వచ్చింది. స్ప్రూ అనే పేగుల జబ్బు సోదరులను తీసుకుపోయింది. అదే జబ్బు తనకీ వస్తే ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేదం నిలబెట్టింది. 1922 అక్టోబరులో బోస్టన్‌లో దిగారు. పొట్టకూటి కోసం ఆసుపత్రిలో రాత్రి పని చేసుకుంటూ హార్వర్డులో చదివారు. భార్య శేషగిరిగారు మన దేశంలోనే ఉండిపోయారు. ఆయన మళ్లీ ఈ గడ్డ మీద కాలు పెట్టలేదు. 1948 ఆగస్టులో, 53 ఏళ్లకే పోయారు.

ఆయన్ని తలుచుకునేటప్పుడు మనకో అలవాటుంది. ఫోలిక్ ఆమ్లం, బోదకాలుకి హెట్రజాన్, ఆరియోమైసిన్, కాన్సరుకి మెథోట్రెక్సేట్ దారి అని ఆయన లెడర్లీ మందుల కంపెనీలో నడిపిన పరిశోధనల పేర్లు చదువుతాం, నోబెల్ ఇవ్వలేదని నొచ్చుకుంటాం, పటానికి దండ వేసి ఇంటికి పోతాం. నేను ఈవేళ ఆ మందుల జోలికి పోను. అవి 1940 తర్వాతి సంగతులు. అంతకు ముందు హార్వర్డులో, ఒక గాజుగొట్టంలోని నీలిరంగు దగ్గర ఆయన చేసిన పని గురించి మాట్లాడతాను. ఏ జబ్బూ లేనివాడికి కూడా సంబంధించిన పని అది. మనం తిన్నది పనిగా ఎలా మారుతుంది? ఈ ప్రశ్నకి బడిలో మనకి చెప్పిన జవాబు సరిపోదని, ఆ సంగతి చంద్రపూర్ వాళ్లకి తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలిసి ఉండదని నా వాదన.

1

బడిలో చెప్పిన జవాబు ఇది: శ్వాసక్రియ అంటే నెమ్మదిగా మండటం. ఇది ఫ్రాన్సులో లావోయిజే చెప్పిన మాట. 1783 ప్రాంతంలో ఆయనా లాప్లాసూ కలిసి ఒక గినీపందిని చుట్టూ మంచు పెట్టిన పెట్టెలో కూర్చోబెట్టారు. అది ఎంత మంచు కరిగించిందో తూచారు. అది వదిలిన బొగ్గుపులుసు వాయువును కొలిచారు. అంతే వాయువు రావడానికి బొగ్గు కాలిస్తే ఎంత మంచు కరుగుతుందో చూశారు. రెండు లెక్కలూ దగ్గరదగ్గరగా వచ్చాయి. ప్రాణమంటే ఏదో అంతుపట్టని వస్తువు అనుకుంటున్న రోజుల్లో తక్కెడ పెట్టి తూచి చెప్పిన మాట కాబట్టి అది గొప్ప మాటే.

జమాఖర్చుగా చూస్తే అది నేటికీ నిజం. గ్లూకోజు, ఆక్సిజను లోపలికి పోతాయి. బొగ్గుపులుసు వాయువు, నీరు బయటికి వస్తాయి. ఇక్కడ థర్మల్ విద్యుత్ కేంద్రంలో పని చేసేవాళ్లు ఉన్నారు కదా, మీ భాషలో చెబుతాను: గ్లూకోజు జీసీవీ, అంటే కాలిస్తే వచ్చే వేడి, కిలోకి సుమారు 3,700 కిలోకేలరీలు. మన వార్ధా లోయ బొగ్గులో కరెంటుకి వాడే రకం కూడా అటూ ఇటూగా అక్కడే ఉంటుంది. అంటే కిలో గ్లూకోజుకీ కిలో బొగ్గుకీ సరుకుగా పెద్ద తేడా లేదు. రెండూ ఆకు పట్టిన ఎండే. ఒకటి నిన్నమొన్నటిది, ఒకటి పాతిక కోట్ల ఏళ్లకు పైబడిన గోండ్వానా అడవులది.

లావోయిజేకి దొరికింది జమాఖర్చు మాత్రమే. ఆ రెండు పద్దుల మధ్య ఏం జరుగుతుందో ఆయన చూడలేదు. చూసే సాధనం అప్పటికి లేదు.

2

ఇప్పుడు జనవరి, చలిగా ఉంది. మీరు ఒక్క నిమిషం మే నెలకి రావాలి.

ఇక్కడ మేలో 47, 48 డిగ్రీలు చూసినవాళ్లు మీరు. ఒంటి వేడి 37. అంటే బయటిగాలే మనకన్నా పది డిగ్రీలు వేడి. ఆ ఎండలోనూ ఓపెన్‌కాస్టు గనిలో మనిషి పని చేస్తాడు, ఆడవాళ్లు నీళ్లు మోస్తారు, పిల్లలు క్రికెట్టు ఆడతారు. మన ఒళ్లు నిజంగా కొలిమి అయితే ఇది జరగకూడదు.

ఎందుకని? దుర్గాపూర్‌లో మన థర్మల్ కేంద్రం ఉంది. సామర్థ్యం 2,920 మెగావాట్లు, మహారాష్ట్రలో అగ్రస్థానంలో ఉన్న వాటిలో ఒకటి. అక్కడ బొగ్గు కాలుస్తారు, నీళ్లు ఆవిరవుతాయి, 540 డిగ్రీల ప్రాంతంలో ఆవిరి టర్బైను తిప్పుతుంది. ఆ పక్కనే ఆకాశానికి లేచిన కూలింగ్ టవర్లు, ఇరాయి జలాశయం నీళ్లు ఎందుకు? వాడిన ఆవిరిని చల్లార్చడానికి. ఒక కొస వేడిగా, ఒక కొస చల్లగా లేకపోతే ఆ యంత్రం తిరగదు. ఎంత మండించామన్నది ఒక్కటే చాలదు, రెండు కొసల మధ్య తేడా ఎంత అన్నదే పనిని నిర్ణయిస్తుంది. 1824లో కార్నో చెప్పిన ఈ నియమాన్ని ఇంతవరకూ ఏ యంత్రమూ దాటలేదు.

ఇదే లెక్క కండరానికి వేద్దాం. మన కండరం తను వాడిన శక్తిలో మహా అయితే నాలుగో వంతు పనిగా మారుస్తుంది. చల్లటి కొస ఒంటి వేడే అనుకోండి: 37కి 273 కలిపితే 310. నాలుగో వంతు పని రావాలంటే వేడి కొస 310ని 0.75తో భాగించినంత, అంటే 413 ఉండాలి. అందులోంచి 273 తీసేస్తే 140 డిగ్రీలు. కండలో ఎక్కడో ఒకచోట 140 డిగ్రీల వేడి ఉంటే తప్ప ఆ పని రాదు! కోడిగుడ్డు గట్టిపడటానికి 80 చాలు. జర్మనీలో అడాల్ఫ్ ఫిక్ ఈ రకం లెక్కే వేసి, కండరం ఉష్ణయంత్రం కాలేదని 1893లోనే వాదించాడు. పాపం, ఆయన మాటని చాలామంది సగం విన్నారు.

కండరం వేడి నుంచి పని తియ్యడం లేదు. వేడి అయ్యేలోపే శక్తిని ఒడిసిపట్టి పనికి పంపుతోంది. వేడి దాని ఇంధనం కాదు, దాని చేతిలోంచి జారిపోయిన భాగం.

3

అయితే, ‘నెమ్మదిగా’ అనే మాట పెట్టుకుంటే సరిపోదా అని ఎవరైనా అడగొచ్చు. భగ్గున మండితే వేడి, మెల్లగా మండితే పని అని.

బొగ్గు దగ్గర బతికే మీకు దీనికి జవాబు తెలుసు. తవ్వి గుట్ట పోసిన బొగ్గు ఊరికే ఉండదు. ఎవరూ అగ్గి పెట్టకపోయినా గాలిలోని ఆక్సిజను మెల్లగా పట్టుకుంటుంది, లోపల్లోపల వేడెక్కుతుంది. నీళ్లు కొట్టకపోతే, అణగదొక్కకపోతే కొన్నాళ్లకి పొగ వస్తుంది. మూసేసిన పాత బాయిల్లో ఇలా లోపలే రాజుకున్న మంటలు ఏళ్ల తరబడి ఆరవు. ఇటు వార్ధా లోయలో ఉన్నా, అటు సింగరేణిలో ఉన్నా ఇదే సంగతి. అంతకన్నా నెమ్మదైన మంట ఏముంటుంది? దాని నుంచి ఒక్క తట్ట బొగ్గు పైకెత్తేంత పనైనా వచ్చిందా? వేడి తప్ప ఇంకేం రాలేదు.

నెమ్మది ఒక్కటే రహస్యం కాదు. ఆక్సిజను పట్టుకోవడాన్ని ఇంకొక పనితో ముడివెయ్యాలి, ఆ పని జరిగితేనే ఇది జరగాలి. ఆ ముడి లేని చోట ఎంత మెల్లగా కాలినా బూడిదా వేడే మిగులుతాయి. ఈ సాయంత్రం నేను చెప్పదలుచుకున్నది ఈ ముడి గురించే. దాని మొదటి కొస మనవాడి చేతికి దొరికింది.

4

ఇక్కడ కాస్త ఆగి చెప్పాలి. ఇదే అసలు కథ.

1906 నాటికే ఇంగ్లండులో హార్డెన్, యంగ్ ఒక వింత చూశారు. ఈస్టు రసంలో చక్కెర పులిసి పులిసి మందగించినప్పుడు కాస్త ఫాస్ఫేటు వేస్తే మళ్లీ నురగ లేచింది. వేసిన ఫాస్ఫేటు చక్కెరకి అతుక్కుని కనపడకుండా పోయింది. ఎరువులో ఉండేదీ ఎముకలో ఉండేదీ అయిన ఫాస్ఫేటుకి పులియడంతో ఏం పని? ఎవరికీ తెలియలేదు.

కండరం దగ్గర మాత్రం అందరూ లాక్టిక్ ఆమ్లం వైపు చూస్తున్నారు. చక్కెర లాక్టిక్ ఆమ్లం అవుతుంది, ఆ ఆమ్లమే కండని ముడుచుకునేలా చేస్తుంది అన్నది అప్పటి సిద్ధాంతం. 1922 సంవత్సరపు వైద్య నోబెల్ ఆ రంగంలో పని చేసిన హిల్, మేయర్‌హాఫ్‌లకి దక్కింది. సుబ్బారావుగారు బోస్టన్‌లో దిగింది ఆ సంవత్సరమే. హిల్, మేయర్‌హాఫ్ చిన్నవాళ్లు కారు. వారి కొలతలు గట్టివి. ఆ కొలతలకి చెప్పుకున్న అర్థం మాత్రం నిలబడలేదు.

హార్వర్డులో సైరస్ ఫిస్కే దగ్గర సుబ్బారావుగారికి అప్పగించిన పని చూడటానికి చప్పగా ఉంటుంది. రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ ఎంత ఉందో కొలిచే మంచి పద్ధతి తయారు చెయ్యాలి. వాళ్లిద్దరూ చేసింది ఇదీ: ఫాస్ఫేటు ఉన్న ద్రవంలో ఆమ్లం, మాలిబ్డేటు కలిపి, దాని మీద మరో రసాయనం వేస్తే నీలిరంగు తేలుతుంది. ఫాస్ఫేటు ఎక్కువైతే నీలం ముదురు, తక్కువైతే లేత. ఆ రంగు చూసి మోతాదు చెప్పొచ్చు. 1925లో ఆ వ్యాసం అచ్చయింది. విద్యార్థుల్లారా, ఇది మీకోసం చెబుతున్నా: ఫిస్కే–సుబ్బారావు పద్ధతి అనే పేరుతో అది ఇప్పటికీ జీవరసాయనం ప్రయోగశాలల్లో నడుస్తోంది. ప్రాక్టికల్ పరీక్షలో ఆ పేరు చూసినప్పుడు రెండో పేరు ఎవరిదో గుర్తుపెట్టుకోండి.

తర్వాత ఆ పద్ధతిని కండరం మీద వాడారు. కండరసారం తీసి, మందులు కలిపి రంగు కోసం చూస్తే ఒక తిక్క కనపడింది. రక్తంతో అయితే టక్కున తేలే నీలం, కండరసారంలో టక్కున తేలలేదు. మొదట లేతగా వచ్చి, నిమిషాలు గడుస్తున్నకొద్దీ ముదురుతూ పోయింది. తొందరపాటు మనిషి అయితే మందు చెడిందనో సీసా కడగలేదనో అనుకుని పారబోసి మళ్లీ కలిపేవాడు. లేకపోతే ‘ఐదు నిమిషాల తర్వాత చూడవలెను’ అని నోటుపుస్తకంలో రాసుకుని ముందుకి పోయేవాడు. వీళ్లు ఆ ఆలస్యాన్నే పట్టుకున్నారు. అందులో ఉన్నదంతా మామూలు ఫాస్ఫేటు కాదు. ఏదో ఒక పదార్థం ఫాస్ఫేటుని పట్టుకుని ఉంది, ఆమ్లం తగలగానే కొద్దికొద్దిగా వదిలేస్తోంది. అది వదిలినకొద్దీ నీలం ముదురుతోంది.

ఆ పదార్థం ఫాస్ఫోక్రియాటిన్. క్రియాటిన్ ఒకటి, ఫాస్ఫేటు ఒకటి. 1927లో ప్రకటించారు. లండన్‌లో ఎగల్టన్ దంపతులకి కూడా అదే సమయంలో దాని జాడ దొరికింది. అంతకన్నా ముఖ్యం దాని నడవడి: కండరాన్ని అలిసిపోయేదాకా ముడుచుకోనిస్తే అది తగ్గిపోయింది, ఆక్సిజను అందేలా విశ్రాంతినిస్తే తిరిగి పేరుకుంది. ఖర్చయ్యేదీ తిరిగి నిండేదీ అయిన ఫాస్ఫేటు నిల్వ కండరంలో మొదటిసారి మనిషి కంటబడింది. 1930లో డెన్మార్కులో లుండ్స్‌గోర్ ఒక విషంతో లాక్టిక్ ఆమ్లం పుట్టకుండా అడ్డుకుని చూశాడు. కండరం అప్పటికీ ముడుచుకుంది, ఫాస్ఫోక్రియాటిన్ అయిపోయేదాకా. లాక్టిక్ ఆమ్లం సిద్ధాంతం అంతటితో పోయింది.

జిమ్‌కి పోయే కుర్రాళ్లు ఇక్కడ కొందరు ఉన్నట్టున్నారు. మీరు వేలు పోసి కొనే డబ్బాలోని క్రియాటిన్ ఇదే. పరుగు మొదలైన తొలి పది సెకన్లు మిమ్మల్ని మోసేది ఈ ఫాస్ఫోక్రియాటిన్ నిల్వే. డబ్బా మీద ఎవరి బొమ్మో ఉంటుంది, సుబ్బారావుగారి బొమ్మ మాత్రం నేను చూడలేదు.

1929లో మరో అడుగు. అదే కండరంలోంచి ఆడినైన్, రైబోజు అనే చక్కెర, వరసగా మూడు ఫాస్ఫేట్లు ఉన్న పదార్థాన్ని ఫిస్కే, సుబ్బారావు వేరుచేశారు. అదే ఏటీపీ. జర్మనీలో మేయర్‌హాఫ్ ప్రయోగశాలలో కార్ల్ లోమన్ కూడా ఆ సంవత్సరమే దాన్ని వేరుచేసి, వీళ్లకన్నా కొంచెం ముందు అచ్చువేశాడు. ఘనత రెండు బృందాలకీ చెందుతుంది.

ఇక్కడ ఒక మాట నిక్కచ్చిగా చెప్పాలి, కొందరికి రుచించకపోవచ్చు. ‘జీవశక్తి రహస్యం కనిపెట్టిన తెలుగువాడు’ అని మనవాళ్లు రాస్తుంటారు. 1929లో ఏటీపీ ఏం చేస్తుందో లోమన్‌కీ తెలియదు, ఫిస్కేకీ తెలియదు, సుబ్బారావుగారికీ తెలియదు. కండరంలోని ప్రోటీనే ఏటీపీని విరగ్గొడుతుందని రష్యాలో ఎంగెల్‌హార్ట్, లుబిమోవా 1939లో చూపించారు. ప్రాణులన్నిటిలోనూ శక్తి చేతులు మారేది ఈ ఫాస్ఫేటు బంధాల ద్వారానే అని ఫ్రిట్జ్ లిప్‌మన్ 1941లో పెద్ద వ్యాసం రాసి ఒప్పించాడు. సుబ్బారావుగారు చేసింది వస్తువుని చూపించడం. వస్తువు చేతికి రాకుండా దాని పని ఏమిటన్న ప్రశ్నే పుట్టదు. ఆయన్ని మెచ్చుకోవడానికి ఇది చాలదా? లేని గొప్ప తగిలిస్తే ఉన్న గొప్ప కనపడకుండా పోతుంది.

ఆ ప్రయోగశాలలోనే పని చేసి, 1988లో నోబెల్ అందుకున్న జార్జ్ హిచింగ్స్ తర్వాతి కాలంలో ఒక సంగతి బయటపెట్టాడు. సుబ్బారావు వేరుచేసిన మరికొన్ని న్యూక్లియోటైడుల (ఏటీపీ జాతి పదార్థాల) వివరాలు అప్పట్లో వెలుగు చూడలేదని, ఏళ్ల తర్వాత ఇతరులు వాటిని మళ్లీ కనిపెట్టాల్సి వచ్చిందని. ఆ పాపం ఫిస్కే అసూయదేనని ఆయన అభిప్రాయం. మనిషికీ మనిషికీ మధ్య జరిగినదాన్ని ఇంత దూరం నుంచి నేను తీర్పు చెప్పను.

5

ఇక ముడి ఎక్కడుంది అన్నది.

అన్నం గ్లూకోజు అయి కణంలోకి వచ్చాక మొదటి మజిలీలో ఆక్సిజను అక్కర్లేదు. గ్లూకోజు రెండు ముక్కలవుతుంది, నికరంగా రెండు ఏటీపీలు మిగులుతాయి. తాటికల్లు పులిసేటప్పుడు ఈస్టు బతికేది ఆ రెండింటితోనే. ఆ నురగా ఆ మత్తూ దానికి పనికిరాక బయట పారేసినవి. ఆక్సిజను ఉన్న కణం ఆ ముక్కలని తన లోపలి మైటోకాండ్రియా అనే సంచుల్లోకి పంపుతుంది. అక్కడ హాన్స్ క్రెబ్స్ 1937లో పావురం రొమ్ము కండరంతో తేల్చిన చక్రం వాటిని విడదీస్తుంది. మనం ఊపిరితో వదిలే బొగ్గుపులుసు వాయువు అక్కడిదే. ‘నేచర్’ పత్రిక ఆ వ్యాసాన్ని అచ్చెయ్యకుండా తిప్పి పంపింది. అదే చక్రం 1953లో ఆయనకి నోబెల్ తెచ్చింది. ఆ చక్రం పేర్లన్నీ నేను చదవను. పరీక్ష రాసేవాళ్లకి తప్ప ఎవరికీ అక్కర్లేదు.

చూడాల్సిందల్లా ఒక్కటే: ఆ విడదీతలో ఆక్సిజను కార్బన్‌ని ముట్టుకోనే ముట్టుకోలేదు. కార్బన్ దగ్గరి ఎలక్ట్రాన్లని ఊడదీసి మోసుకుపోయే అణువులున్నాయి. అవి ఆ ఎలక్ట్రాన్లని మైటోకాండ్రియా లోపొర మీదికి తెస్తాయి. అక్కడినుంచి ఒకదాని చేతినుంచి ఒకదాని చేతికి, కొంచెం కొంచెం కిందికి దిగుతూ, చివరికి ఆక్సిజనుని చేరతాయి. అక్కడ నీరు తయారవుతుంది. మీరు పీల్చిన ఆక్సిజను దాదాపు అంతా ఖర్చయ్యేది ఆ చిట్టచివరి గడపలోనే. సైనైడు చంపేది ఆ గడపని మూసేసే. బాయిలో పుట్టే కార్బన్ మోనాక్సైడు ఆ గడపదాకా రాకముందే, నెత్తుటిలోనే ఆక్సిజనుకి చోటు లేకుండా చేస్తుంది.

ఎలక్ట్రాన్లు దిగుతున్నప్పుడు విడుదలయ్యే శక్తి ఏమవుతుంది? ఇరవై ఏళ్లపాటు అందరూ ఏదో ఒక రసాయనం దాన్ని పట్టుకుని ఏటీపీకి అందిస్తుందనుకుని వెతికారు. దొరకలేదు. ఎందుకంటే అటువంటిది లేదు. 1961లో స్కాట్లండులో పీటర్ మిచెల్ ఒక విపరీతమైన మాట అన్నాడు. ఆ శక్తి ప్రోటాన్లని పొరకి ఒక పక్కనుంచి మరో పక్కకి తోస్తుంది, అవి అవతల పేరుకుంటాయి, తిరిగి వచ్చే దారిలోనే ఏటీపీ తయారవుతుంది అని. ఏళ్లపాటు ఎవరూ పట్టించుకోలేదు. కొందరు ఎగతాళి చేశారు. ఆయన కార్న్‌వాల్‌లో ఒక పాత భవంతిని బాగుచేయించి అక్కడే ప్రయోగశాల పెట్టుకున్నాడు. 1978లో నోబెల్ వచ్చింది.

మన కణం నడిపేది థర్మల్ కేంద్రం కాదు. అది నాగార్జునసాగర్, శ్రీశైలం బాపతు. పైన నిలవబెట్టిన నీరు దిగివస్తూ చక్రం తిప్పినట్టు, పొర అవతల పేరుకున్న ప్రోటాన్లు దిగివస్తూ చక్రం తిప్పుతాయి. ఇది అలంకారం కోసం చెప్పడం లేదు. ఆ పొరలో నిజంగానే తిరిగే చక్రం ఉంది. దాని పేరు ఏటీపీ సింథేజు. అడ్డం కొలత మీటరులో పది కోట్లవ వంతు. ఒక చుట్టుకి మూడు ఏటీపీలు. పాల్ బోయర్ అది తిరగాలని వాదించాడు, జాన్ వాకర్ దాని నిర్మాణం చూపించాడు, ఇద్దరికీ 1997లో నోబెల్. ఆ సంవత్సరమే జపాన్‌లో దాని ఇరుసుకి మెరిసే పోగు ఒకటి అతికించి, అది గిరగిరా తిరగడం సూక్ష్మదర్శినిలో కళ్లారా చూశారు. థర్మల్ మిత్రులు వినండి: మీ టర్బైను సెకనుకి 50 చుట్లు తిరుగుతుంది. ఇది సెకనుకి వందకి పైగా తిరగగలదు.

ఆ పొర మీది విద్యుత్తు కూడా తక్కువది కాదు. అటూ ఇటూ తేడా వోల్టులో ఆరో వంతో ఏడో వంతో, అంతే. కానీ ఆ పొర మందం మీటరులో ఇరవై కోట్లవ వంతు. మీటరు లెక్కన కడితే మూడు కోట్ల వోల్టులు. గాలిలో పిడుగుకి దారి తెరవడానికి అందులో పదో వంతు చాలు. ఇక్కడినుంచి పడ్ఘేకి పోయే 500 కిలోవోల్టుల లైను కింద నిలబడితే జుట్టు లేచినట్టు అనిపిస్తుంది. ఒంట్లో అంతకన్నా తీవ్రమైన దాన్ని పెట్టుకుని మనం హాయిగా నిద్రపోతున్నాం.

ఒంట్లో ఏ క్షణాన తూచినా ఏటీపీ వంద గ్రాముల ప్రాంతమే ఉంటుంది. కానీ రోజు మొత్తంలో మనిషి తయారుచేసి వాడేసేది దాదాపు అతని బరువంత. నిల్వ ఉంచుకునే వస్తువు కాదది, తిరుగుతూనే ఉండాల్సింది. ఊపిరి ఆగిన కొద్ది నిమిషాలకే మెదడు ఎందుకు పాడైపోతుందో దీన్నిబట్టి తెలుసుకోవచ్చు.

6

ముడి నిజంగా ఉందనడానికి సాక్ష్యం కావాలంటే దాన్ని విప్పిచూడాలి. విప్పిచూశారు, తెలియక.

మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్సులో ఫిరంగి గుళ్లలో డైనైట్రోఫినాల్ అనే పసుప్పచ్చని మందు నింపేవాళ్లు. భద్రావతిలో ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ ఉంది కాబట్టి గుళ్లు నింపే పని అంటే ఏమిటో మీకు చెప్పక్కర్లేదు. అక్కడి కార్మికులు కొందరు చిక్కిపోయారు. చెమటలు ధారలు కట్టేవి. జ్వరం లేకుండానే ఒళ్లు కాలిపోయేది. కొందరు చనిపోయారు. తర్వాత 1933లో కాలిఫోర్నియాలో వైద్యులు ఆ చిక్కిపోవడమే చూసి, లావు తగ్గడానికి దాన్ని మాత్రలుగా ఇచ్చారు. జనం ఎగబడ్డారు. కొందరికి కళ్లలో పొరలు వచ్చాయి, కొందరు లోపలి వేడికే పోయారు. 1938లో వచ్చిన కొత్త చట్టంతో అక్కడ దాని అమ్మకం ఆగింది. దొంగచాటుగా ఇప్పటికీ దొరుకుతుంది, ఇప్పటికీ చంపుతోంది. కండలు తేలాలని చూసే కుర్రాళ్లు ఈ పేరు గుర్తుంచుకోండి: డీఎన్‌పీ.

ఆ మందు ఏం చేస్తుంది? ప్రోటాన్లని వీపున వేసుకుని, చక్రంతో పని లేకుండా పొరకి ఇటుపక్క దించేస్తుంది. ఆనకట్టకి గండి పడ్డట్టే. ఆక్సిజను వాడకం ఆగదు, పైగా పెరుగుతుంది. గ్లూకోజూ కొవ్వూ తరిగిపోతాయి. లావోయిజే తక్కెడలో పెడితే లెక్క చక్కగా సరిపోతుంది, గినీపంది ఇంకా ఎక్కువ మంచు కరిగిస్తుంది. ఏటీపీ తయారీ మాత్రం పడిపోతుంది. ఒళ్లంతటా శ్వాసక్రియ నిజంగా మండటంగా మారినవాడు ఆ మందు తిన్న మనిషి ఒక్కడే. దానికి విరుగుడు కూడా లేదు.

హద్దులో ఉంటే ఇలాంటి గండి మేలూ చేస్తుంది. పసిబిడ్డ వీపు మీద, భుజాల మధ్య గోధుమరంగు కొవ్వు ఉంటుంది. అక్కడ ప్రకృతే ఒక చిన్న గండిని కావాలని పెట్టింది, చలికి ఒణకడం చేతకాని బిడ్డని వెచ్చగా ఉంచడానికి. అవసరమైనప్పుడు తెరుచుకుంటుంది, తీరాక మూసుకుంటుంది.

7

చివరిగా, చేతిలోంచి జారిపోయే భాగం. ఎంత బాగా ముడివేసినా కణం పట్టుకోగలిగేది మూడో వంతు నుంచి సగం దాకానే, లెక్కకట్టే పద్ధతిని బట్టి. ఏటీపీని పనిగా మార్చేటప్పుడు మరికొంత పోతుంది. ఊరికే కూర్చున్న మనిషి వంద వాట్ల పాత బల్బంత వేడి వదులుతాడు. జనవరి అయినా ఈ హాల్లో ఫ్యాన్లు అందుకే తిరుగుతున్నాయి. పార పట్టి వంద వాట్ల పని చేస్తున్నవాడు ఇంకో మూడు వందల వాట్లు వేడిగా వదులుతాడు. ఆ వేడి ఒంటికి ఇంధనం కాదని ఇందాక లెక్క వేసి చూశాం. అలాంటప్పుడు దాన్ని ఎలాగో బయట పారెయ్యాలి.

మేలో బయటిగాలి ఒంటికన్నా వేడి కాబట్టి గాలికి అప్పజెప్పడం కుదరదు, గాలే తిరిగి మనకి పెడుతుంది. మిగిలింది చెమట ఒక్కటే. లీటరు చెమట ఒంటి మీద ఆరితే దాదాపు 580 కిలోకేలరీలు తీసుకుపోతుంది. మూడు వందల వాట్లకి గంటకి అర లీటరు దాకా కావాలి, ఎండ పెట్టేది అదనం. అందుకే ఆ పనిలో గంటకి లీటరు నీళ్లు తాగమని చెప్పేది. ఆరితేనే అన్నది మరవకండి. కారిపోయిన చెమట ఏమీ తీసుకుపోదు.

మీ ఇళ్లలో కూలర్లు పని చేసేదీ ఈ సూత్రం మీదే. ఏప్రిల్, మే పొడి గాలిలో అవి గదిని చల్లబరుస్తాయి. జూన్‌లో తొలి వాన పడి గాలి చెమ్మగిల్లాక ఎంతసేపు తిరిగినా ఉక్కపోతే. అప్పుడు చెమటకీ అదే గతి పడుతుంది. 46 డిగ్రీల పొడి రోజుకన్నా 38 డిగ్రీల చెమ్మ రోజు పనివాడికి ప్రమాదం కావచ్చు. థర్మామీటరు గుండుకి తడిగుడ్డ చుట్టి చూసే కొలత ఒకటుంది. అది 35 డిగ్రీలు దాటి కొన్ని గంటలు నిలబడితే, నీడలో ఊరికే కూర్చున్న ఆరోగ్యవంతుడు కూడా తట్టుకోలేడని లెక్క. ఎండలో పని చేసేవాడికి ఆ హద్దు ఇంకా కిందే ఉంటుంది. బాయి అడుగున, గాలి ఆడని పని ముఖం దగ్గర, పైన టీవీలో చెప్పే ఉష్ణోగ్రత చూసి షిఫ్టు నిర్ణయిస్తే చాలదు. ఆ తడిగుడ్డ కొలత అక్కడ దిగి తీయాలి.

ఇక్కడితో ఆపుతాను. బాయిల్లో పని చేసిన పెద్దలు ముందు అడగండి, తర్వాత విద్యార్థులు.